ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య

తెనాలి కూడలి నుండి సముద్రము వైపునకు రెండు ఇనుపదారులు సాగును. ఒకటి బాపట్ల, చీరాలల మీదుగా చెన్నపట్టణమునకు పోవును. రెండవది వరిచేల నడుమ కొంతదూరము నడచి రేపల్లె వద్ద ఆగిపోవును. ఈ రెండవ దారి 1916లో గాని పడలేదు. అంతకుముందు ఆ ప్రాంతమునకు పోగోరువారికి కాలువపడవయో, ఎద్దులబండియో శరణ్యము. రేపల్లెకు ఆవల నిజాంపట్టణము తట్టున కూచినపూడి యను గ్రామము కలదు. పందొమ్మిదవ శతాబ్దపు చివరి దినములలో ఆ యూరి బడిలో తల్లిదండ్రులు లేని బాలుడొకడు ఓనమాలు దిద్దుచుండెను. ఆ బాలుడే తరువాత ఆంధ్రరత్నమని ప్రజలచే పిలువబడిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు.

ఆయన జన్మస్థానము అప్పటి కృష్ణాజిల్లా నందిగామ తాలూకాలోని పెనుగంచిప్రోలు. 1889వ సంవత్సరము జూన్ 2వ తేదీన జన్మించెను. తండ్రి కోదండరామస్వామి, తల్లి సీతమ్మ. బిడ్డ పుట్టిన మూడవనాడే తల్లి కన్నుమూసెను. మూడేండ్లు నిండునప్పటికి తండ్రియు గతించెను. పినతండ్రియు, నాయనమ్మయు ఆ పసివానిని చేరదీసి పెంచిరి. కూచినపూడిలో కొంతకాలము చదివిన పిదప అతడు గుంటూరు ఉన్నత పాఠశాలలో చేరెను.

ఆనాడు ఈ సీమలో చదువుకొన్న పిల్లవానికి కనబడు దారులు మిక్కిలి కొద్ది. మెట్రిక్యులేషను గట్టెక్కినచో తాలూకా కచ్చేరీలో గుమాస్తా పని దొరకును. ఇంకను స్తోమతు గలవారు చెన్నపట్టణము పోయి, 1857లో స్థాపింపబడిన విశ్వవిద్యాలయము నుండి పట్టము పుచ్చుకొని, ప్లీడరుగనో డిప్యూటీ కలెక్టరుగనో తేలుదురు. ఆంధ్రదేశమునకు స్వంత విశ్వవిద్యాలయము 1926 వరకు లేదు.

మరి కత్తి పట్టు విద్య మాట యేమి? ఒకప్పుడు తెలుగు సిపాయిలు కుంఫిణీవారి సేనలో ప్రసిద్ధులు. వంగదేశమున సిపాయికి తిలంగా అనునదే మారుపేరైనది. కాని పందొమ్మిదవ శతాబ్దము ముగియుసరికి, దక్షిణదేశమువారు యుద్ధమునకు తగరని దొరలు ఒక సిద్ధాంతము కల్పించుకొని, మన పటాలములను క్రమక్రమముగా తగ్గించివేసిరి. భారతీయుడు రాజు చేతి నియామకము పొంది సేనాధికారి యగుట మొదటి ప్రపంచయుద్ధపు చివరి వరకు దాదాపు అసంభవము. కావున బాపట్ల, రేపల్లె ప్రాంతపు బాలుడు నేను సైనిక కళాశాలలో చేరుదునా, విశ్వవిద్యాలయములో చేరుదునా అని ఆలోచించుటకు కూడ అవకాశము లేదు. మొదటి తలుపు వానికి మూయబడియుండెను. రెండవ తలుపు తెరచియున్నను, దాని ఆవల నున్నది దొరతనమువారి కొలువే.

గోపాలకృష్ణయ్య ఆ కొలువును రుచి చూడకపోలేదు. గుంటూరులో చదువుచున్నపుడే అతనికి సంగీతమునందును, నాటకములందును అమితమైన మక్కువ. జాతీయ నాట్యమండలి యను పేర ఒక సమాజమును కూర్చి, తోటివారితో కలసి ప్రదర్శనములు జరిపించెడివాడు. చక్కని కంఠము, చమత్కారమైన మాట, క్షణములో పద్యము కట్టగల నేర్పు, ఇవన్నియు అతనికి పుట్టుకతో వచ్చినవి. ఇట్టివానిని తీసికొనిపోయి కాగితపు కట్టల నడుమ కూర్చుండబెట్టినచో ఏమగును? బాపట్ల తాలూకా కచ్చేరీలో కొంతకాలము పనిచేసి, ఆ పని తనకు సరిపడదని గ్రహించి విడిచిపెట్టెను. జీతము గల చోటును చేజేతుల వదలుకొనుట అనాథగా పెరిగిన యువకునకు చిన్న సాహసము కాదు. నెలకు వచ్చు ఆ కొద్ది రూపాయల విలువ లేమి నెరిగిన యిండ్లలోనివారికే తెలియును.

అప్పుడొక స్నేహితుడు ఆదుకొనెను. ఆయన నడింపల్లి నరసింహారావుగారు. గుంటూరులో గోపాలకృష్ణయ్యకు సహాధ్యాయి. ఆ మిత్రుని తోడ్పాటుతో 1911లో గోపాలకృష్ణయ్య సముద్రము దాటి, స్కాట్లండులోని ఎడింబరో విశ్వవిద్యాలయమున చేరెను. 1583లో నెలకొల్పబడిన ఆ విద్యాపీఠమునకు అప్పటికే మూడువందల యేండ్లకు మించిన చరిత్ర కలదు. అచ్చట అర్థశాస్త్రమును ముఖ్యముగా అభ్యసించి ఎం.ఏ. పట్టము నందెను.

ఆయన అచ్చట ఉండగానే 1914 ఆగస్టులో మహాయుద్ధము వచ్చిపడినది. విశ్వవిద్యాలయములోనే సేనాధికారులకు శిక్షణ నిచ్చు దళ మొకటి ఉండెను. తరగతిలో ప్రక్కన కూర్చున్న స్కాచి యువకులు పుస్తకములు మూసి, ఖాకీ దుస్తులు తొడిగి ఫ్రాన్సు దేశమునకు తరలిపోయిరి. ఆ విద్యాలయమునకు చెందిన వారిలో వందలకొలది తిరిగి రాలేదు. చదువా, సైన్యమా అను ప్రశ్న ఆ యేండ్లలో ఎడింబరో వీథులలో ప్రతి యింటను వినబడినదే. పరదేశపు విద్యార్థియైన గోపాలకృష్ణయ్య దానిని ప్రక్కనుండి చూచెను. ఒక జాతి తన స్వాతంత్ర్యము కొరకు యువకులను పిలిచినపుడు వారెట్లు కదలుదురో అచ్చట ఆయన కంటబడినది. ఆ జాతియే మన స్వాతంత్ర్యమును మనకు ఇయ్యకున్నది. ఈ వైరుధ్యము ఎట్టివానికైనను కొట్టవచ్చినట్లు కనబడక మానదు.

అయితే ఆయన దృష్టి యుద్ధము మీద కంటె వేరొక వైపునకే మరలెను. సింహళమున జన్మించిన ఆనంద కుమారస్వామిగారు అప్పుడు ఇంగ్లండులో ఉండి భారతీయ శిల్పమును, చిత్రకళను పాశ్చాత్యులకు తెలియజెప్పుచుండిరి. ఆ మహాపండితునితో గోపాలకృష్ణయ్యకు పరిచయము కలిగెను. ఇరువురును కలసి నందికేశ్వరుని అభినయదర్పణమును ఆంగ్లములోనికి అనువదించిరి. అది 1917లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయ ముద్రణాలయము ద్వారా వెలువడినది. కనుచూపు ఎట్లుండవలెను, మెడ ఎట్లు కదల్పవలెను, ఏ హస్తము ఏ భావమును తెలుపును, ఇట్టి విషయములను సూక్ష్మముగా వివరించు గ్రంథమది. గుంటూరులో నాటకములాడిన కుఱ్ఱవాడు దొరల భాషలో మన నాట్యశాస్త్రమును లోకమునకు అందించెను. అర్థశాస్త్ర పట్టము కంటె ఈ పనియే ఆయనకు హెచ్చు సంతృప్తి నిచ్చియుండునని నాకు తోచును.

తిరిగి వచ్చిన పిదప రాజమహేంద్రవరములోని ప్రభుత్వ శిక్షణ కళాశాలలో అధ్యాపకుడయ్యెను. విదేశపు పట్టము గల వానికి అది గౌరవమైన ఉద్యోగమే. కాని పై అధికారుల ఎదుట తల వంచుట ఆయనకు చేతకాలేదు. ఆ పని విడిచి బందరులోని ఆంధ్ర జాతీయ కళాశాలకు వచ్చెను.

ఈ కళాశాలను గూర్చి కొంత చెప్పవలెను. వందేమాతరోద్యమపు వేడిలో, కోపల్లె హనుమంతరావుగారు ముందు నిలువగా, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్యగారలు తోడై, 1910లో దీనిని స్థాపించిరి. ప్రభుత్వపు సహాయము కోరకుండ, చదువుతోపాటు చేతిపనులు కూడ నేర్పుట వారి ఉద్దేశము. ఆశయము ఎంత గొప్పదో, చేరువాని కష్టము కూడ అంత పెద్దది. ఇచ్చటి చదువు చూపినవానికి సర్కారు కచ్చేరీలో కుర్చీ దొరకదు. కొడుకును ఇచ్చటికి పంపిన తండ్రి, వాని జీతమును, పింఛనును ముందే వదలుకొన్నట్లు లెక్క. విశ్వవిద్యాలయమా, జాతీయ కళాశాలయా అను ఆలోచన ఆనాడు కృష్ణా గుంటూరు జిల్లాలలో ఎన్నో యిండ్లను కలతపెట్టెను. ఎడింబరో పట్టము గల ఉపాధ్యాయుడు స్వయముగా వచ్చి అచ్చట పాఠము చెప్పుట విద్యార్థులకు ధైర్యము కలిగించియుండును. కాని గోపాలకృష్ణయ్య అచ్చట కూడ ఎక్కువకాలము ఇమడలేదు. తన మాటయే చెల్లవలెనను పట్టుదల ఆయనలో కొంత హెచ్చు. స్నేహితులతో సయితము ఆయనకు పొరపొచ్చెములు వచ్చుట కలదు. ఇది ఆయన యందలి లోపమే. దానిని దాచిపెట్టి జీవితము వ్రాయుట సరికాదు.

ఇట్లు కచ్చేరీని, సర్కారు కళాశాలను, జాతీయ కళాశాలను మూడింటిని వదలిన ఆయన చీరాలలో నిలిచెను. ఆ కాలమున చీరాల గుంటూరు జిల్లా బాపట్ల తాలూకాలోనిది. అచ్చటనే ఆయన తాను కోరిన విద్యాలయమును, తాను కోరిన సైన్యమును ఒక్కటిగా కలిపి నిర్మించెను. దాని పేరు రామదండు.

రామదండులో చేరినవారికి తుపాకి లేదు, జీతము లేదు. ఎఱ్ఱని ఖద్దరు దుస్తులు, మెడలో రుద్రాక్షలు, నుదుట బొట్టు, ఇదియే వారి వేషము. వరుసలుగా నడచుట, ఆజ్ఞ వినిన వెంటనే కదలుట, తిట్టినను కొట్టినను తిరుగబడకుండుట వారి శిక్షణ. ఊరూర భజనలు చేయుచు, పాటలు పాడుచు, స్వరాజ్యమనగా ఏమో పామరులకు తెలిసిన మాటలలో చెప్పుచుండిరి. సముద్రమునకు వారధి కట్టిన వానరులకు యుద్ధవిద్య ఏ కళాశాల నేర్పినది? ఆ పేరును ఎన్నుకొనుటలోనే గోపాలకృష్ణయ్యగారి చమత్కారము కనబడును. అది శ్రీరామభక్తికి గుర్తు. దొరల సేనకు ఎకసెక్కము. చదువురాని కూలివానికి సయితము ఇట్టే తెలియు మాట.

ఈ దండు యోగ్యత తేలుటకు 1921 మార్చి 31వ తేదీన అవకాశము వచ్చినది. ఆ దినమున బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘము సమావేశమయ్యెను. తిలకు స్వరాజ్యనిధికి కోటి రూపాయలు, కాంగ్రెసులో కోటిమంది సభ్యులు, దేశములో ఇరువది లక్షల రాట్నములు కావలెనని అచ్చటనే తీర్మానించిరి. గాంధీమహాత్ముని చూచుటకు పల్లెల నుండి జనము వరదవలె వచ్చిపడెను. అంత సమ్మర్దమును అదుపులో నుంచుటలో రామదండువారు చూపిన క్రమశిక్షణను పెద్దలందరు మెచ్చిరి.

అంతకంటె కఠినమైన పరీక్ష చీరాలలోనే కాచుకొనియుండెను.

చీరాల, పేరాల గ్రామములు రెండును కలిసి ఒక యూనియనుగా ఉండెను. సాలీనా నాలుగువేల రూపాయల పన్ను చెల్లుచుండెను. 1919-20 ప్రాంతమున మద్రాసు ప్రభుత్వమువారు దానిని పురపాలక సంఘముగా మార్చిరి. దానితో పన్ను ఎన్నో రెట్లు పెరిగినది. అచ్చటి ప్రజలలో నేతపని చేయువారు, చిన్న వర్తకులు, కూలివారు ఎక్కువ. వారికి ఆ బరువు మోయరానిదయ్యెను. మాకు మునిసిపాలిటీ వలదని అర్జీలు పెట్టుకొనిరి. స్థానిక పరిపాలన శాఖను చూచుచుండిన మంత్రి పానగల్లు రాజాగారు. ఆయన తెలుగువాడే యైనను, అర్జీలు ఫలింపలేదు. ప్రజలు పన్ను చెల్లించుట మానిరి. 1921 జనవరిలో పండ్రెండుగురిని చెరసాలకు పంపిరి. వారిలో రావూరి అలమేలమ్మ యను వృద్ధురాలు కూడ ఉండెను. ముసలమ్మను జైలునకు పంపుట చూచి ఊరు ఉడికిపోయెను.

ఏప్రిలు 6వ తేదీన గాంధీమహాత్ముడు చీరాలకు వచ్చెను. ప్రజల యెదుట ఆయన రెండు మార్గములు ఉంచెను. మొదటిది, ఊరిలోనే ఉండి, ఎంత హింస జరిగినను చేయి ఎత్తక, పన్ను నిరాకరించుట. రెండవది, మునిసిపాలిటీ ఎల్లలు దాటి అందరును వెలుపలికి పోవుట. ప్రజలే లేనిచోట మునిసిపాలిటీ తానే అంతరించును. ఏది ఎంచుకొన్నను దాని బరువు మోయవలసినది ఆ యూరివారే.

గోపాలకృష్ణయ్య రెండవ మార్గమును ఎన్నుకొనెను. ఇది తన ఉద్యోగమును వదలుకొనుట వంటిది కాదు. కచ్చేరీ విడిచినపుడు పస్తుండవలసినవాడు తానొక్కడే. ఇప్పుడు ఆయన మాట విని పాలుతాగు పిల్లలతో, ముసలివారితో వేలమంది ఇల్లు వదలవలెను. సాలెవాని మగ్గము గుంటలో పాతబడియుండును. ఇల్లు విడిచిన యెడల మగ్గము ఆగును, మగ్గము ఆగిన యెడల కుండ ఆగును. ఇట్టి నిర్ణయము చేయుటకు ఎంత ధైర్యము కావలెనో, అంత భయము కూడ ఉండవలెను. ఆయనకు ఎన్ని రాత్రులు నిద్రలేకుండెనో ఎవ్వరు చెప్పగలరు?

1921 ఏప్రిలు 25వ తేదీన జనము కదలిరి. పదునైదువేల జనాభాలో సుమారు పదమూడువేలమంది ఇండ్లకు తాళములు వేసి, కుండలు, చాపలు, మంచములు నెత్తిన పెట్టుకొని, పొలిమేర దాటిపోయిరి. వెలుపలి మైదానమున తాటాకు పాకలు లేచినవి. ఆ క్రొత్త యూరికి రామనగరమని పేరు పెట్టిరి. మన ప్రాంతపు వైశాఖమాసపు ఎండ ఎట్టిదో మీకు తెలియును. ఆ ఎండను, దాని వెనుక వచ్చిన గాలివానలను వారు ఆ పాకలలోనే భరించిరి. రామదండువారు కాపలా కాచిరి. తగవులు తీర్చుటకు పంచాయతీ ఏర్పడెను. పన్ను లేని, పోలీసు లేని ఆ ఊరు పదునొకండు నెలలు నిలిచినది. విడిచిపెట్టిన చీరాలలో వీథులు పాడుపడియుండగా, దొరతనమువారు తమ మునిసిపాలిటీని జీతగాండ్ర చేత నడపించుకొనిరి.

ఇంతమందికి గింజలు, గుడ్డలు సమకూర్చుట సామాన్యమైన పని కాదు. గోపాలకృష్ణయ్య విరాళములకై తిరుగసాగెను. ఆ సంవత్సరము చివరి మాసములలో బరంపురము పోగా, ఉపన్యసింపరాదని మేజిస్ట్రేటు నిషేధించెను. ఆయన ఆ ఆజ్ఞను త్రోసిపుచ్చి మాటలాడెను. ఒక సంవత్సరము శిక్ష వేసి తిరుచిరాపల్లి చెరసాలకు పంపిరి.

నాయకుడు లేని రామనగరము కొంతకాలము పెనగులాడెను. చేతిలోని డబ్బు అయిపోయెను. ఇతర నాయకులును చెరసాలల పాలైరి. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరా దురంతము జరుగగా గాంధీజీ ఉద్యమమునే నిలిపివేసెను. అదే బాపట్ల తాలూకాలోని పెదనందిపాడు ప్రాంతమున పర్వతనేని వీరయ్యచౌదరిగారి శాంతిసేన నడపిన పన్నుల నిరాకరణము కూడ ఆ దినములలోనే ఆగిపోయినది. రామనగర వాసులు ఒక్కొక్కరే తలుపుల తాళములు తీసి పాత యిండ్లు చేరిరి. మునిసిపాలిటీ వెంటనే రద్దు కాలేదు. ఆ పదునొకండు నెలల కష్టమునకు ఫలమేమని అడుగువారు అప్పుడును ఉండిరి. ఓడిపోయిరనుటకును మనసొప్పదు, గెలిచిరనుటకును వీలులేదు. పదమూడువేలమంది ఒక్క రాయి విసరకుండ, ఒక్క కఱ్ఱ ఎత్తకుండ అన్ని నెలలు నిలుచుట మాత్రము దేశమంతయు చూచినది.

ఇచ్చట ఒక విచిత్రము చెప్పవలెను. ఆయన తిరుచిరాపల్లిలో ఖైదీగా ఉన్న ఆ 1922 మార్చిలోనే, హిమాలయ పాదమున డెహ్రాడూనులో భారతీయ బాలురకై సైనిక కళాశాల ప్రారంభమైనది. అచ్చట చదివి ఆంగ్ల దేశములోని శాండ్‌హర్స్టునకు పోయి సేనాధికారులు కావచ్చునన్నారు. ఏటేట అట్లు తీసికొనునది పదిమందిని మాత్రమే. అంతకు ముందు సంవత్సరమే, మన బాపట్ల తాలూకాలో, రాజపత్రము లేని సేనాని యొకడు పదిమందిని కాదు, వేలమందిని ఒక్క ఆజ్ఞకు నడిపించియుండెను.

చెర నుండి వచ్చిన గోపాలకృష్ణయ్య మునుపటి ఉత్సాహముతోనే పనికి పూనుకొనెను. ఆంధ్ర విద్యాపీఠ గోష్ఠి యను సంస్థను కూర్చి, మన సాహిత్యమును, సంగీతమును, జానపద కళలను ఉద్ధరింప ప్రయత్నించెను. తోలుబొమ్మలాటలను, పల్లెపదములను పండితులు చిన్నచూపు చూచెడి రోజులవి. హార్వర్డులో అచ్చయిన గ్రంథమునకు అనువాదకుడైన వ్యక్తి, ఊరి చావడిలో కూర్చుండి వాటిని ఆసక్తితో చూచుచుండెను. సభలలో ఆయన మాటలాడుచున్నంతసేపు జనము నవ్వుచుండెడివారు. నవ్వుచు నవ్వుచునే కన్నీరు పెట్టుకొనెడివారట. ఆయన ఆశువుగా చెప్పిన చాటువులు చాలకాలము జనుల నాలుకలపై ఆడినవి.

కాని చేతిలో కాసు నిలువలేదు. సంపాదించుటకు దారులున్నను వాటి నన్నింటిని ఆయన తానే మూసికొనెను. లేమి, తిరుగుడు, చెరసాల తిండి దేహమును గుల్లచేసినవి. క్షయవ్యాధి పట్టుకొనెను. ఆ కాలమున దానికి మందు లేదు. క్షయకు పనిచేయు ఔషధము కనిపెట్టబడినది 1940వ దశకములో. 1928వ సంవత్సరము జూన్ 10వ తేదీన, ముప్పదితొమ్మిదేండ్లు నిండిన కొలది దినములకే, గోపాలకృష్ణయ్యగారు పరమపదించిరి.

విజయవాడలోని కాంగ్రెసు కార్యాలయమునకు ఆంధ్రరత్న భవనమని ఆయన పేరు పెట్టిరి. 2022లో క్రొత్త జిల్లాలు ఏర్పడినపుడు ఆయన ఓనమాలు దిద్దిన కూచినపూడియు, గుమాస్తాగిరి విడిచిన బాపట్లయు, రామదండును నడిపిన చీరాలయు ఒక్క బాపట్ల జిల్లాలోనే చేరినవి. తెనాలి మీదుగా చెన్నై పోవు రైలుబండ్లు బాపట్ల దాటిన కొంతసేపటికి చీరాలలో ఆగును. స్టేషనులో దిగి ఊరిలోనికి నడచినచో, నేతగాండ్ర యిండ్ల నుండి మగ్గముల చప్పుడు నేటికిని వినవచ్చును.